బొక్క ఇరిగిన చోటికి

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిని మనం టోల్ గేట్లతోనో, హోటళ్లతోనో గుర్తుపెట్టుకుంటాం. ఎముకల వైద్యం చదివే పిల్లల లాగ్‌బుక్కుల్లో మాత్రం ఆ దారి వేరేగా కనిపిస్తుంది. చౌటుప్పల్ పేరు పక్కన తొడ ఎముక, చిట్యాల పక్కన కాలి ఎముక, నకిరేకల్ పక్కన తుంటి కీలు. వెనక లైటు వెలగని ట్రాక్టర్, యూ టర్న్ దాకా వెళ్లే ఓపిక లేక ఎదురు దిశలో వచ్చే బైకు, చీకట్లో రోడ్డు దాటే గొర్ల మంద. ఈ రోడ్డు మీద కాళ్లు విరగడానికి కారణాలు అందరికీ తెలిసినవే. తెలిసి కూడా రోజూ విరుగుతూనే ఉన్నాయి.

మాఘమాసం మొదట్లో నేను ఈ దారిన నల్లగొండ వెళ్లాను. నాతోపాటు బస్సులో మా తమ్ముడి కూతురు ఉంది. హైదరాబాద్‌లో ఎం.ఎస్. ఆర్థోపెడిక్స్ చదువుతోంది. ఆ విభాగంలో ఆడపిల్లలు ఇప్పటికీ తక్కువే. ఎముక లాగి కూర్చోబెట్టడానికి కండబలం కావాలని ఇంట్లో అందరం వారించాం. "బలం కాదు పెదనాన్నా, ఏ కోణంలో లాగాలో తెలియాలి" అని మా నోరు మూయించి సీటు తీసుకుంది. 2020లో వచ్చిన నిబంధన ప్రకారం ఎం.డి., ఎం.ఎస్. చదివేవాళ్లు తమ మూడేళ్ల చదువులో మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచేసి తీరాలి. దాన్ని డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ అంటున్నారు. ఆ మూడు నెలలకు ఆమెకు నల్లగొండ జిల్లాలో ఒక సర్కారు దవాఖాన పడింది. ఆమె పని చూద్దామని, వీలైతే అక్కణ్నుంచి పాలమూరు (మహబూబ్‌నగర్) దాకా పోయి అక్కడి చదువు కూడా చూద్దామని నా ప్రయాణం.

ఒకప్పుడు ఈ రెండు జిల్లాల్లో ఎవరికి పెద్ద ఎముక విరిగినా ఉస్మానియాకో, గాంధీకో, నిమ్స్‌కో మోసుకుపోవాల్సిందే. నిమ్స్ పుట్టిందే నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రిగా. 1999లో నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్.వి.ఎస్. అనే రెండు ప్రైవేటు వైద్య కళాశాలలు వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. రోగి నడవాల్సిన దూరం తగ్గింది. డాక్టర్ చదువు కూడా రోగి ఉన్న చోటికి వచ్చింది. ఈ రెండో సంగతిని మనం పెద్దగా పట్టించుకోలేదు. నా ఉద్దేశంలో అదే పెద్ద మార్పు.

నల్లగొండలో దిగినప్పుడు పొద్దు నడినెత్తికి వచ్చింది. ఊరికి కాపలా ఉన్నట్టుండే రెండు గుట్టలు, వాటి కింద ఇరుకు బజార్లు దాటి దవాఖానకు చేరాం. ఎముకల వార్డులో అడుగుపెట్టగానే కనిపించేవి ఇనుప చట్రాలు. మంచానికి ఒక కాలు ఎత్తిపెట్టి, మోకాలి కింద ఎముకలోంచి అడ్డంగా స్టీలు పిన్ను దూర్చి, దానికి తాడు కట్టి, తాడు చివర బరువులు వేలాడదీస్తారు. ఆపరేషన్ వంతు వచ్చేదాకా విరిగిన తొడ కండరాలు ముడుచుకుపోకుండా, ముక్కలు ఒకదాని మీదకొకటి ఎక్కకుండా ఆ బరువు పట్టి ఉంచుతుంది. పాత పద్ధతే. జిల్లాలో చదివేవాళ్లకు అది చేతుల్లో ఉండాలి. పెద్ద నగరాల్లో సాయంత్రానికల్లా రాడ్డు వేసేస్తారు కాబట్టి అక్కడి పిల్లలకు ఈ విద్య పుస్తకంలోనే మిగిలిపోతోందని మా అమ్మాయి అంది.

ఆ మధ్యాహ్నం ఒక గీత కార్మికుణ్ని తెచ్చారు. తాటిచెట్టు మీంచి పడ్డాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి. కుడి మడమ ఉబ్బి నల్లబడింది.

"ఎట్ల పడ్డవ్ తాతా?"

"మోకు జారింది బిడ్డా. పొద్దుగాల మంచు పడ్డది, చెట్టు తడిగుంది."

"నడుము నొస్తుందా?"

"నడుముకేం గాలె. మడిమెనే."

ఆమె ఆ మాటతో ఆగలేదు. మనిషిని పక్కకు తిప్పడానికి వార్డు బాయ్‌ని, నర్సును, నన్ను కూడా పిలిచింది. తల, భుజాలు, నడుము, కాళ్లు ఒకే వరసలో ఉండాలి, తాను చెప్పినప్పుడు అందరం ఒక్కసారే తిప్పాలి, మధ్యలో నడుము మెలిపడకూడదు. తిప్పాక వెన్నుపూసల మీద ఒక్కొక్కదాన్నే బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చింది. పక్కటెముకలు అయిపోయే చోటికి కొంచెం కింద నొక్కగానే తాత కెవ్వుమన్నాడు. ఎక్స్‌రేలో నడుము మొదటి పూస ముందువైపు నలిగి ఉంది. ఎత్తు నుంచి పాదాల మీద పడినవాడికి మడమ విరిగిందంటే, ఆ దెబ్బ కాళ్ల గుండా పైకి పాకి వెన్నులో కూడా తగిలి ఉంటుందని అనుకోవాలి. లేదని రుజువయ్యేదాకా ఉన్నట్టే లెక్క. మడమ నొప్పి ముందు నడుము నొప్పి తెలియదు. అదృష్టం, కాళ్లలో స్పర్శ ఉంది, వేళ్లు ఆడుతున్నాయి. ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్లు పట్టుకుని ఎత్తి, నడుము వంచి ఆటోలో కూర్చోబెట్టి తెచ్చారట. నలిగిన పూస ముక్క వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కి ఉంటే ఆ ఆటోలోనే ఆయన రెండు కాళ్లూ పోయేవి. ఆ సంగతి తెచ్చినవాళ్లకు ఆమె నిదానంగా, ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పింది. మంచమో, తలుపు చెక్కో ఉంటే దాని మీద పడుకోబెట్టి తేవాలని చెప్పింది. వాళ్లలో ఒక కుర్రాడు కూడా గీత పనివాడే. అతను శ్రద్ధగా విన్నాడు.

నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి ప్రాంతాల్లో తాటి, ఈత చెట్ల మీద బతికే కుటుంబాలకు లెక్కలేదు. చెట్టు మీంచి పడటం వాళ్ల ఇళ్లలో ఎప్పుడూ పొంచి ఉన్న భయం. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో జారిపడకుండా పట్టి ఉంచే కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చేయాల్సిన పనే, ఎప్పుడో చేయాల్సింది. ప్రతి చెట్టెక్కే మనిషికీ అది అందాలి, అందినవాళ్లు దాన్ని వాడాలి. ఆర్థోపెడిక్ వార్డులో కూర్చుంటే ఈ విషయంలో వేరే అభిప్రాయం ఉండదు.

సాయంత్రం పిండికట్టు గదిలో ఆమె పని చాలాసేపు చూశాను. పనిమనిషి వేషం వేసుకున్నట్టు రబ్బరు ఏప్రాన్, మోచేతుల దాకా తెల్లని పిండి. ముందు చేతికి దూది చుట్టింది, ఎముక చర్మానికి దగ్గరగా ఉండే చోట్ల రెండు చుట్లు ఎక్కువ. ఆ తర్వాత ప్లాస్టర్ చుట్టను బకెట్ నీళ్లలో నిలువుగా ముంచింది. బుడగలు వస్తాయి. ఆ బుడగలు పూర్తిగా ఆగేదాకా తీయకూడదు. తీశాక రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా పిండాలి, మెలిపెడితే పిండంతా నీళ్లలో పోతుంది. చుట్టేటప్పుడు అరచేత్తో రుద్దాలి, వేళ్లతో నొక్కకూడదు. తడి ప్లాస్టర్ మీద వేలి గుంట పడితే అది అలాగే గట్టిపడి లోపల చర్మాన్ని ఒరుస్తూ పుండు చేస్తుంది. గట్టిపడుతున్నప్పుడు కట్టు వేడెక్కుతుంది. "కాలుతుందమ్మా" అని భయపడ్డ పిల్లాడికి పది నిమిషాల్లో చల్లబడుతుందని చెప్పి, ఆ పది నిమిషాలూ వాడి చెయ్యి తన అరచేతుల్లోనే ఉంచుకుంది. చివరికి వాడి గోరు నొక్కి వదిలింది. తెల్లబడ్డ గోరు వెంటనే ఎర్రబడింది. రక్తం ఆడుతోంది. అప్పుడుగాని వాణ్ని లేవనీయలేదు.

ఆదివారం ఇద్దరం మునుగోడు, చండూరు మీదుగా మర్రిగూడ బస్సెక్కాం. నల్లగొండలో ఎముకల వైద్యం నేర్చుకుంటూ మర్రిగూడ చూడకపోతే ఆ చదువు సగమే అని వాళ్ల ప్రొఫెసర్ అన్నారట. ఆ మాటకు ఆయనకు దండం పెట్టాలనిపించింది.

దారంతా ఎర్రనేలలు, నల్లరాతి గుట్టలు, పత్తి కట్టెలు పీకని చేలు, బత్తాయి తోటలు. ఈ రాతిలోనే ఉంది చిక్కంతా. గ్రానైటులోని ఫ్లోరిన్ ఖనిజాలు భూగర్భజలంలో కరుగుతాయి. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు రాతితో అంత ఎక్కువ కాలం ఒరుసుకుని ఉంటాయి. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ ఊళ్లు తరతరాలుగా దానికి ఎన్నో రెట్లు తాగాయి. ఈ నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయే నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇక్కడి పిల్లల్లో మోకాళ్లు లోపలికి ఒరుసుకునే వంకరను లాన్సెట్‌లో నమోదు చేశారు. జొన్న తినే ఇళ్లలో అది ఎక్కువగా ఎందుకుందో వెతుకుతూ, నాగార్జునసాగర్ తర్వాత పెరిగిన భూగర్భజలానికీ, జొన్నలోని మాలిబ్డినానికీ, ఒంట్లో తగ్గే రాగికీ ఉన్న లంకెను చర్చలోకి తెచ్చారు. నిమ్స్ డైరెక్టరుగా చేసిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి, ఫ్లోరోసిస్ వెన్నుపామును ఎలా నలిపేస్తుందో ఏళ్ల తరబడి పరిశోధించారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు నిలిచింది. అంటే, తెలియక జరిగిన అన్యాయం కాదిది. అందరికీ తెలిసి, దశాబ్దాల పాటు నీళ్లివ్వకపోవడం వల్ల జరిగింది. అందుకే 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో ఊరూరి నుంచి నామినేషన్లు వేసి, నల్లగొండ బ్యాలెట్‌ను 480 మంది అభ్యర్థులతో నింపారు. ఆ సమితిని నడిపిన దుశ్చర్ల సత్యనారాయణ, ఫ్లోరోసిస్ బాధితుడైన శివన్నగూడెం బిడ్డ అంశల స్వామిని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ముందుకు తీసుకుపోయి చూపించారు. స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు.

ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ మమ్మల్ని చూడటానికి మెడ తిప్పలేదు, ఒళ్లంతా తిరిగింది. మా అమ్మాయి ఆమెను మూడు పనులు చేయమంది. మోకాళ్లు వంచకుండా నేల ముట్టుకోవాలి. గడ్డం ఎదకు ఆనించాలి. చేతులు చాపి, మడిచి తల వెనక పెట్టుకోవాలి. యంత్రం అక్కర్లేని పరీక్ష ఇది. పెద్దమ్మ మూడూ చేయలేకపోయింది.

"గా నీళ్లే గదా బిడ్డా చేసింది. నీళ్లు తాగకుంట ఎట్ల బతుకుతం?"

ఇంట్లో దాచిన పాత ఎక్స్‌రే తెచ్చి చూపించారు. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పలచని పొర కూడా సున్నం పట్టి ముళ్లుముళ్లుగా తెల్లగా కనిపించింది. ఎముక చూడటానికి బండలా ఉంటుంది, విరిగేటప్పుడు సుద్దముక్క. ఇలాంటివాళ్లకు తుంటి విరిగితే ఏమవుతుందో తిరుగు బస్సులో ఆమె వివరంగా చెప్పింది. నడుములోకి మత్తు సూది దిగదు, పూసల మధ్య స్నాయువులు రాయిలా అయి దారి మూసేస్తాయి. మెడ వెనక్కి వాలదు కాబట్టి గొంతులోకి గొట్టం వేయడం కూడా కష్టమే. ఎముక లోపలి గొట్టం సన్నబడి ఉంటుంది, రాడ్డు ఇరుక్కుంటుంది, బలవంతం చేస్తే ఇంకో చోట పగులుతుంది. డ్రిల్ బిట్ వేడెక్కి విరిగిపోతుంది, అందుకే సెలైన్ చుక్కలు పోస్తూ, ఆపి ఆపి తొలవాలి. ఇవి ఆమెకు హైదరాబాద్‌లో తెలియలేదు. ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఇవే ఎముకలు చూస్తున్న ఒక సీనియర్ డాక్టరు పక్కన నిలబడి నేర్చుకుంది.

ఇప్పుడు ఈ ఊళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేశారు, పైపులు పడ్డాయి, వీధిలో ఆడుకుంటున్న పిల్లల కాళ్లు తిన్నగా ఉన్నాయి. కళ్లారా చూసి సంతోషించాను. కానీ పాత నీళ్లు తాగిన తరం ఇంకా బతికే ఉంది. వాళ్లు ముసలివాళ్లవుతున్నారు, జారిపడుతున్నారు. నల్లగొండ ఎముకను ఎలా తొలవాలో తెలిసిన చేతులు ఇంకో ముప్పై ఏళ్లు ఈ జిల్లాలోనే ఉండాలి. ఆ విద్య ఏ పరీక్ష పేపర్‌లోనూ రాదు, మనిషి నుంచి మనిషికి రావాలి.

ఆమెను నల్లగొండలో దింపి, కొండమల్లేపల్లి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరాను. బస్సు మారడం తప్ప ఆ రోజు చెప్పుకోదగ్గదేమీ లేదు.

పాలమూరులో నాకు దారి చూపినవాడు అక్కడే ఆర్థో చదువుతున్న కుర్రాడు. తల్లిదండ్రులు బొంబాయి కట్టడాల మీద కూలికి పోతే నాయనమ్మ దగ్గర పెరిగి, గురుకులంలో చదివి డాక్టరయ్యాడు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదటగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. వలస, కరువు, అప్పుల మీద ఆస్పత్రి బిల్లు పడితే కుటుంబం ఏమవుతుందో ఈ జిల్లాను చూస్తేనే అర్థమవుతుంది. ఇక్కడి ఎముకల వార్డులో ఎక్కువగా కనిపించేవి ఎప్పుడో విరిగిన ఎముకలు. పుణెలో పరంజా మీంచి పడతాడు, అక్కడ ఏదో కట్టు కట్టించి గుంపుమేస్త్రీ రైలెక్కిస్తాడు, ఊరికి వచ్చేసరికి ఎముక వంకరగా అతుక్కుని ఉంటుంది. దాన్ని మళ్లీ కోసి, సరిచేసి, ప్లేటు వేయాలి. కొత్తగా విరిగిన ఎముక కంటే ఇది పది రెట్లు కష్టం.

ఆ కుర్రాడి దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఆపరేషన్ చేయించుకున్న ప్రతివారి ఫోన్ నంబరు కింద గుంపుమేస్త్రీ నంబరు, ఊళ్లో ఉండే ముసలమ్మ నంబరు కూడా రాసుకుంటాడు. ఎందుకంటే కూలీ ఫోన్ నంబరు ఊరు మారితే మారుతుంది, నాయనమ్మ నంబరు మారదు. ఆరు వారాలకు కాలు మీద బరువు పెట్టవచ్చో లేదో ఎక్స్‌రే చూసి చెప్పాలి. ఆ ఆరు వారాలు ఆగకుండా మనిషి పని మీదకు పోతే ప్లేటు వంగుతుంది. అందుకని ఎక్కడుంటే అక్కడే ఎక్స్‌రే తీయించి ఫొటో పంపమంటాడు. "మా నాయినకు ఎవ్వరూ గిట్ల ఫోన్ చెయ్యలే సార్" అన్నాడు. వాళ్ల నాన్న కాలు ఇప్పటికీ కుంటే.

ఓపీలో తొమ్మిదేళ్ల పిల్లాడొకడు. మోచెయ్యి పైన విరిగితే ఊళ్లో పసరు పోసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించి కట్టారట. రాత్రంతా ఏడ్చాడు. కట్టిన కొత్తలో నొప్పి మామూలే అనుకున్నారు. వాపుకు చోటు లేక లోపల ఒత్తిడి పెరిగి, ముంజేతి కండరాలు రక్తం అందక చచ్చిపోయాయి. ఇప్పుడు ఎముక చక్కగా అతికింది, వేళ్లు మాత్రం లోపలికి ముడుచుకుపోయాయి. ఎన్ని ఆపరేషన్లు చేసినా ఆ చెయ్యి మునుపటిలా కాదు.

ఆ తల్లిని ఎవరూ తిట్టలేదు. నాటు కట్టు కట్టేవాడు పక్క వాడలోనే ఉంటాడు, డబ్బు ఉన్నప్పుడే తీసుకుంటాడు, కోస్తానని భయపెట్టడు. ఇలాంటి కట్టు వైద్యులను మూర్ఖులని కొట్టిపారేస్తే రోగులు డాక్టరుకే దూరమవుతారు. బ్రిటన్‌లో ఆధునిక ఎముకల వైద్యానికి ఆద్యుడనిపించుకున్న హ్యూ ఓవెన్ థామస్ కూడా కట్లు కట్టే కుటుంబం నుంచే వచ్చాడు. తండ్రి లివర్‌పూల్‌లో పేరున్న కట్టు వైద్యుడు. కొడుకును వైద్య కళాశాలకు పంపాడు. ఆ కొడుకు చేసిన ఇనుప కమ్మీ చట్రం మొదటి ప్రపంచయుద్ధంలో తొడ విరిగిన వేలమంది సిపాయిలను బతికించింది. నల్లగొండ వార్డులో మంచాల మీద నేను చూసిన చట్రాల్లో అదీ ఉంది. మన కట్టు వైద్యులను కూర్చోబెట్టి ఏది కట్టవచ్చో, ఏది కట్టకూడదో, ఎప్పుడు విప్పాలో నేర్పే పని జిల్లా ఆర్థో విభాగాలు చేపట్టాలి. శిక్షణలో ఉన్న డాక్టర్లతో మొదలుపెట్టించాలి.

డిస్ట్రిక్ట్ రెసిడెన్సీకి మూడు నెలలు చాలవు. ఒక తొడ ఎముక పూర్తిగా అతకడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. తాను వేసిన రాడ్డు మీద రోగి నడిచి రావడం చూడకుండానే జిల్లా రెసిడెంట్ తిరిగి వెళ్లిపోతున్నాడు. కనీసం ఆరు నెలలు ఉంచాలి, అందులో కొన్ని రోజులు ఊళ్లలో తిప్పాలి. మర్రిగూడ పంపిన ఆ ప్రొఫెసర్ లాంటివాళ్ల మంచితనానికి వదిలేయకుండా దాన్ని నియమంగా పెట్టాలి.

ఇది చదివేవాళ్లకు ఒక మాట. చెట్టు మీంచి, కప్పు మీంచి పడినవారిని, రోడ్డు మీద దెబ్బతిన్నవారిని చేతులు కాళ్లు పట్టి ఎత్తకండి. 108కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే బల్ల మీదో, మంచం మీదో కదలకుండా పడుకోబెట్టి తీసుకురండి. ఇక కట్టు సంగతి. నాటు వైద్యుడు కట్టినా, పెద్ద డాక్టరు కట్టినా, వేళ్లు చల్లబడి నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపబోతే భరించలేని నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే కట్టు విప్పించి దవాఖానకు తీసుకుపొండి.